ముందు ఆపి చూపించు నైనా

మా మేనల్లుడు పూలమొక్కల నర్సరీకి పికప్ బండి కొంటానని మొన్న నన్నూ షోరూముకు లాక్కెళ్ళాడు. బండ్ల గురించి నాకు తెలిసింది సున్నా. పక్కన ఒక పెద్దమనిషి ఉంటే బేరం తెగుతుందని వాడి ఆశ. అక్కడ టై కట్టుకున్న కుర్రాడొకడు ఈ డీజిల్ ఇంజను ఇంత లాగుతుంది, వెనక ట్రాలీ తగిలిస్తే అంత లాగుతుంది, కావాలంటే ఏనుగునైనా లాగుతుంది అని గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. అంతా విని, "బాగుంది బాబూ, ఏనుగును లాగాక ఆపగలదా?" అన్నాను. ఆ కుర్రాడు మర్యాదగా నవ్వి, మిగతాదంతా మా మేనల్లుడికే చెప్పుకున్నాడు.

ఆ ప్రశ్న నాది కాదు. చెన్నైలో నేను సినిమాల ఆర్ట్ డిపార్టుమెంటులో అసిస్టెంటుగా సెట్లకు రంగులు పూసే రోజుల్లో, వ్యాసర్పాడిలో ఒక రేకుల షెడ్డు కింద పాత డీజిల్ లారీతో కాపురం చేసిన మనిషిది. షూటింగులకు జనరేటరు బండి తోలుకెళ్ళాలన్నా, దారిలో చచ్చిన వ్యానును ఇంటికి చేర్చాలన్నా ఆయన్నే పిలిచేవాళ్ళం. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇన్నేళ్ళ తర్వాత నా నోట్లోంచి ఆయన మాట అలా ఊడిపడేసరికి, షోరూములో కుర్చీలో కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. ఇంటికొచ్చాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

పేరు రాద్దామంటే తెలియదు. ఆయన అందర్నీ నైనా అనేవాడు, అందరూ ఆయన్ని నైనా అనేవారు. తరతరాలుగా ఆ ఊళ్ళోనే ఉన్న తెలుగువాళ్ళ ఇళ్ళలో తండ్రిని పిలిచే మాట అది. ఈయన దాన్ని ఊరందరికీ పంచిపెట్టాడు. నిర్మాతా నైనానే, టీ కొట్టువాడూ నైనానే. లారీని ఆపిన పోలీసును నైనా అంటే, అరవం తప్ప ఇంకో ముక్క రాని ఆ పోలీసు కూడా తిరిగి నైనా అని వదిలేసేవాడు. వీళ్ళ పెద్దలు ఎన్ని తరాల కిందట వచ్చారో ఆయనకే తెలియదు. ఒకసారి మాటల్లో మీ సొంతూరేది అని అడిగితే నన్ను జాలిగా చూసి, "ఇదే. మా తాతకు తాత కూడా ఈడనే పుట్టినాడు. మీరే నిన్న వచ్చినారు," అన్నాడు.

పొట్టి మనిషి. లుంగీ, చేతుల బనియను, చెవి మీద సుద్దముక్క. ఆ సుద్దముక్క చూసి కొత్తవాళ్ళు బడిపంతులేమో అనుకునేవారు. ఇంజను జబ్బు చూడాలంటే పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అప్పుడెవరైనా మాట్లాడితే చెయ్యెత్తి ఆపేవాడు. పొగ గొట్టం దగ్గర నిలబడి పొగను చదివేవాడు. నల్లపొగ వస్తే, "అరిగేదానికంటే ఎక్కువ తింటా ఉంది." తెల్లపొగ వస్తే, "తిన్నది అరగలే." నీలంపొగ వస్తే మాత్రం తల అడ్డంగా ఊపి, "నూనె తాగతా ఉంది నైనా, ఇంక ఇది బాగుపడదు, దీనికి సంసారుల పిల్లని ఇయ్యొద్దు," అనేవాడు.

ఆయన లారీ మిలిటరీవాళ్ళు వదిలించుకున్నది. ముందు ముక్కు పొడుచుకొచ్చిన పాతకాలం బండి. దాన్ని పెద్దాయన అనేవాడు. పొద్దున్నే స్టార్టు చేసి, దాన్ని అలాగే గుడగుడలాడనిచ్చి, తను వెళ్ళి టీ తాగేవాడు. మేం ఇక్కడ గడియారాలు చూసుకుంటూ చిటపటలాడేవాళ్ళం. "పెద్దాయన ఇప్పుడే లేచినాడు. మొగం కడుక్కోనీండి," అని ఇంకో గుక్క తాగేవాడు. ఆయన టీ అవకముందే కదిలిన షూటింగు నేను చూడలేదు.

అన్నిటికంటే పెద్ద చాదస్తం ఇంకొకటుంది. దేన్నయినా లాక్కెళ్ళేముందు ఆయన షెడ్డు ముందు ఒక పరీక్ష పెట్టేవాడు. ముందు ఉత్త లారీని కాస్త వేగంగా నడిపి, బ్రేకు తొక్కిన చోట సుద్దతో ఒక గీత, ఆగిన చోట ఒక గీత గీసేవాడు. తర్వాత బరువు తగిలించి మళ్ళీ అంతే వేగంతో నడిపి, అదే చోట బ్రేకు తొక్కి, ఆగిన చోట ఇంకో గీత. ఆ రెండు చివరి గీతల మధ్య ఎంత దూరముందో అడుగులేసి చూసుకునేవాడు. ఎక్కువుంటే ఆ బండి కదలదు. ఎవరు అరిచినా కదలదు. తాడు కట్టి లాగడమన్నా ఆయనకు గిట్టదు. "తాడు లాగతాది, ఆపతాదా? వెనకది వచ్చి వీపు మీద ఎక్కతాది," అని ఇనపకడ్డీయే తగిలించేవాడు.

చిన్న పికప్‌ల వాళ్ళతో ఈయనకు రోజూ వాదమే. అప్పుడే డీజిల్ పికప్‌లు బాగా రావడం మొదలైంది. టీ కొట్టు దగ్గర ఒకతను, నా బండి పోయినవారం జనరేటరును లాగింది తెలుసా అని గొప్పలు పోతున్నాడు. నైనా అంతా విన్నాడు.

"మేకపోతు కూడా బండి లాగతాది నైనా," అన్నాడు నెమ్మదిగా. "చదునులో మేకపోతు బండిని లాగతాది. పల్లంలో బండి మేకపోతుని లాగతాది."

పెద్ద లారీలో గొప్పేమిటో నాకు ఆ రోజు చెప్పాడు. ఇంజను ఒక్కటే కాదట. బరువైన చట్రం, వెనక జంట చక్రాలు, పెద్ద బ్రేకులు, అన్నిటికీ మించి దాని సొంత బరువు. వెనకనుంచి ఎవరు తోసినా నిలదొక్కుకునేది ఆ బరువే. చిన్న బండికి ఇంజను బలమున్నా ఒంట్లో బరువుండదు. "దాని తప్పు కాదు. అది కూరగాయలకి పుట్టింది. మనమే దాన్ని మల్లయుద్ధానికి తీసకపోతాం," అన్నాడు. నేను తల ఊపాను గానీ, సినిమావాడికి బరువు సంగతి ఏం తెలుస్తుంది? మా సెట్లో కొండరాయిని ఒక చేత్తో ఎత్తి పక్కన పెడతాం. రాతి స్తంభాన్ని చంకలో పెట్టుకుని నడుస్తాం. కొన్నేళ్ళు ఆ థర్మకోలు మధ్య బతికితే ప్రపంచంలో అన్నీ తేలికగానే కనిపిస్తాయి.

ఊరి పేరు చెన్నైగా మారిన కొత్తలో ఒక తెలుగు సినిమాకు రథం చేశాం. నైనా షెడ్డు పక్కనే మా వడ్రంగుల షెడ్డు. ఆయుధపూజ మర్నాడు తిరువొత్తియూరు బీచిలో హీరో దాని మీదెక్కి పాట పాడాలి. ఆ ఒక్కరోజే హీరో ఇచ్చాడు. ఆ సినిమాకు టైటిల్సులో నా పేరు వేయిస్తానని మా ప్రొడక్షన్ మేనేజరు మాటిచ్చాడు. తెర మీద నా పేరు పడటం అదే మొదటిసారి. ఊరికి ఉత్తరం కూడా రాసేశాను. ఆ రోజుల్లో నాకు ఆ పేరు తప్ప ఇంకో ధ్యాస లేదు.

రథం పైకి థర్మకోలే. అయితే హీరోతో పాటు డాన్సర్లందరూ ఎక్కాలని మా ఆర్ట్ డైరెక్టరు కింద పాత రైలుపట్టాల ముక్కలతో చట్రం వెల్డింగు చేయించాడు. చక్రాలు దగ్గరగా చూపిస్తారని ఇనపపట్టీలు వేసిన అసలు కలప చక్రాలు తెప్పించాడు. ఈ సంగతి ఆయుధపూజ రోజు పొద్దున నాకు తెలిసింది. మేనేజరుకు తెలియదు. చెబితే, లాగడం ఆగిపోతుంది, షూటింగు పోతుంది, ఆ కోపంలో నా పేరూ పోతుంది. నోరు మూసుకున్నాను.

ఎందుకంటే ఆ రోజు నైనా లారీ కదలదు. ఆయుధపూజకు పొద్దున్నే దాన్ని కడిగి, గంధం కుంకుమ పెట్టి, ముక్కుకు రెండు పక్కలా అరటిపిలకలు కట్టి, స్పానర్లన్నీ దాని ముందు పరిచి, బొరుగులు శనగలు నైవేద్యం పెట్టారు. పూజకు పెట్టిన పనిముట్టును మళ్ళీ మర్నాడే ముట్టుకోవాలి. ఆ ఊళ్ళో అది ఎవరూ తప్పరు. మేనేజరు ఇవన్నీ చూసి, "లారీ ఎందుకయ్యా, ఉన్నది థర్మకోలేగా. కంపెనీ పికప్ ఇస్తాను, నువ్వు తోలిపెట్టు చాలు," అన్నాడు. నా వైపు తిరిగి, "చీకటి పడేలోగా రథం బీచిలో ఉండాలి. లేకపోతే టైటిల్సులో పేరు సంగతి మరిచిపో," అని చెప్పి కారెక్కి వెళ్ళిపోయాడు.

నైనా నన్నడిగాడు. "బరువెంత ఉంటాది నైనా?"

"థర్మకోలే కదండీ నైనా," అన్నాను. ఆయన కళ్ళలోకి చూడలేదు.

పికప్‌కు రథాన్ని తగిలించాడు. కొత్త బండి, ఇంజను జోరుగా ఉంది. రథం కదిలింది. చక్కగా, హాయిగా లాగింది. కంపెనీ డ్రైవరు చప్పట్లు కొట్టాడు. అప్పుడు నైనా బ్రేకు తొక్కాడు. వెనకనుంచి రథం ఆ పికప్‌ను నెట్టుకుంటూ పోయి, దాని వెనక భాగాన్ని పక్కకు ఈడ్చి, మా వడ్రంగుల షెడ్డు గుంజకు జానెడు దూరంలో ఆగింది. ఉత్త పికప్ ఆగిన గీత ఎక్కడో వెనకుంది. నైనా దిగి గీత గీశాడు. అడుగులేస్తూ ఆ మధ్య దూరం నడిచాడు. ఆ నడక ఎంతకీ అవలేదు. చదునులోనే ఇలా ఉంటే, మా దారిలో రైలుపట్టాల మీద వంతెన ఉంది. దాని అవతల వాషర్‌మెన్‌పేట బజారు, పండగ జనం.

నైనా సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, పూజలో ఉన్న లారీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇంట్లోంచి ఆయన భార్య వచ్చింది.

"పూజ చేసిన బండిని ఎట్ట తీస్తావు? అపచారం గదా," అంది.

"పూజ దేనికి చేసినాం? దీని వల్ల ఎవురికీ దెబ్బ తగలకూడదని గదా. ఇది ఈడ సుమ్మా, ఊరికినే పూలు పెట్టుకోని కూర్చోనుంటే, ఆడ ఆ పికప్ చిన్నబ్బాయి జనం మీద పడతాడు. నిమ్మకాయలు తీసకరా పో."

ఆమె ఇంకేమీ అనకుండా నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టింది. ఆయన స్పానర్లను ఒక్కొక్కటీ కళ్ళకద్దుకుని పక్కకు తీశాడు. అరటిపిలకలు మాత్రం విప్పలేదు. లారీ స్టార్టయ్యింది. నైనా వెళ్ళి టీ తాగాడు. పొద్దు వాలిపోతోంది, నా ప్రాణం గిలగిలలాడుతోంది, ఆయన మాత్రం గ్లాసు ఖాళీ అయ్యేదాకా లేవలేదు. తర్వాత లారీకి రథాన్ని తగిలించి, ఆపి చూసి, గీత గీసి, సరే అన్నాడు.

నేను స్కూటరు మీద వెనకాల వస్తానన్నాను.

"వొద్దు. నువ్వు ముందర, నా పక్కన కూర్చో," అన్నాడు.

వంతెన ఎక్కాం. పైకి చేరాక ఆయన గేరు మార్చలేదు. ఏ గేరులో ఎక్కాడో అదే గేరులో దించాడు. ఇంజను గొంతు చించుకుంటోంది. వెనకనుంచి రథం నెడుతోందని నా వీపుకు తెలుస్తోంది. సగం దిగాక కిందికి చూశాను. వంతెన దిగిన చోట, రోడ్డు మధ్యలో, హారతి పళ్ళాలు పట్టుకుని ఇరవై ముప్పై మంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలమ్మలు నిలబడి ఉన్నారు. పండగ పూట అరటిపిలకలు కట్టిన లారీ, వెనక రథం. ఏదో గుడి నుంచి స్వామి ఊరేగింపు వస్తోందనుకున్నారు. వాళ్ళు పక్కకు తొలగరు. స్వామికి ఎదురొచ్చినవాళ్ళు ఎందుకు తొలగుతారు? పైగా రోడ్డంతా పగలగొట్టిన గుమ్మడికాయల గుజ్జు.

నైనా హారను కొట్టలేదు. కాలితో బ్రేకును కొంచెం తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కి, పసిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు ఆ బరువునంతటినీ మెల్లగా కిందికి దించాడు. లారీ ముక్కు మొదటి హారతి పళ్ళేనికి నాలుగడుగుల ముందు ఆగింది. కర్పూరం వెలుగుతూనే ఉంది.

షెడ్డు ముందు నైనా నడిచిన ఆ దూరం నాకు గుర్తొచ్చింది. పికప్‌లో వచ్చి ఉంటే మేం ఎక్కడ ఆగేవాళ్ళమో కళ్ళకు కట్టింది. ఒక ముసలమ్మ కిటికీ దగ్గరకొచ్చి, మా మాటలు విని తెలుగులోనే అడిగింది. "ఏ గుళ్ళో సామి నాయనా ఇది? సామి ఏడ, లోపల కనపడలే?"

నైనా ఒక్క క్షణం ఆలోచించాడు. లారీలో స్టీరింగు ముందు, పొద్దున పూజ చేసిన అమ్మవారి పటం పూలదండతో ఉంది. దాన్ని రెండు చేతులతో తీసి, దిగి వెళ్ళి, రథమెక్కి, మధ్యలో ఆనించి పెట్టాడు. "ఇప్పుడు మొక్కండి," అని వాళ్ళతో చెప్పి, కిందికొచ్చి నాతో మెల్లగా, "జనం ఉత్త కట్టెకి మొక్కుతా ఉంటే మనకి పాపం నైనా. మన పెద్దాయన కూడా పనికి పోలేదు ఇప్పుడు, అమ్మవారిని ఊరేగిస్తా ఉండాడు," అన్నాడు. ఆయన మొహంలో అపచారం తాలూకు దిగులు అప్పటికి తీరింది.

టెంకాయలు పగిలాయి. పిల్లలు థర్మకోలు ఏనుగుల్ని తడిమారు. ముసలమ్మ నా నుదుట కుంకుమ పెట్టి, "సామిని తెచ్చినావు, చల్లగా ఉండు," అంది. ఆ మాటకు నేను తట్టుకోలేకపోయాను. నైనాను పక్కకు పిలిచి, రథం బరువని నాకు పొద్దున్నే తెలుసని చెప్పేశాను.

"నాకూ తెలుసు. పొద్దున నువ్వు చక్రాన్ని తట్టి తట్టి చూస్తా ఉంటివి. థర్మకోలుని ఎవుడన్నా తట్టి చూస్తాడా?"

"మరి నన్ను గట్టిగా అడగలేదేం?"

"ఆపి చూస్తే అదే తెలస్తాది గదా. నిన్నడిగి, నీ నోట అబద్ధం రెండోసారి ఎందుకు చెప్పించాల?"

దారిలో ఇంకో నాలుగుచోట్ల హారతులు. బీచికి చేరేసరికి దీపాలు పెట్టారు. మేనేజరు ఒంటికాలి మీద లేచాడు. "థర్మకోలు రథానికి ఆ లారీ ఎందుకు? ఈ ఆలస్యమేంటి? ఎవడి తెలివి ఇది?" నైనా వంగి కడ్డీ విప్పుకుంటున్నాడు. నా తరఫున ఒక్క మాట అనలేదు, నా మీదా అనలేదు. కడ్డీ విప్పి, పటం తీసుకుని, లారీ తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ లారీ వెలుగు కనుమరుగయ్యాక నేను మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. తెలిసీ దాచానని కూడా చెప్పాను. "రేపు పని చెయ్యి. పేరు మాత్రం వెయ్యను," అన్నాడు. మాట మీద నిలబడే మనిషి. వెయ్యలేదు.

సినిమా వాషర్‌మెన్‌పేటలో తెలుగు సినిమాలాడే ఒక హాల్లో పడింది. నైనా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నన్ను మ్యాట్నీకి బయల్దేరదీశాడు. "నీ పేరు వచ్చినప్పుడు చెప్పు నైనా, విజిల్ ఏస్తా. నాకు తెలుగు మాట్లాడను వస్తాది, చదవను రాదు. నోటికి మా అమ్మ నేర్పింది, కంటికి బడిలో అరవం నేర్పినారు." సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. టైటిల్సు పడుతున్నాయి. ఏదిది, ఏదిది అని మోచేత్తో పొడుస్తున్నాడు. ఆర్ట్ డిపార్టుమెంటు దగ్గర ఎవరిదో ఒక పేరు చూపించి, ఇదే అన్నాను. ఆయన రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని హాలంతా అదిరేలా విజిలేశాడు. నేను తల దించుకున్నాను.

ఆట వదిలాక మెట్లు దిగుతూ అన్నాడు. "ఆ పేరు ఆ పక్కనుంచి ఈ పక్కదాకా ఉండింది. నీది అంత పొడుగు పేరు కాదే."

అడుగులేసి దూరం చూసే మనిషి దగ్గర నేను దాయబోయాను. పేరు తీసేశారని, ఎందుకు తీసేశారో కూడా చెప్పాను. ఆయన మెట్ల మీదే ఆగిపోయాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని వెనక్కు తిప్పి, టిక్కెట్ల వరసలోకి లాక్కెళ్ళాడు.

"ఇంకోసారి చూస్తాం రా."

ఈసారి టైటిల్సు పడుతున్నంతసేపూ ఆయన కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒక్క పేరూ చూడలేదు. పాట వచ్చింది. బీచిలో రథం కదిలింది. నైనా లేచి నిలబడి, ఊపిరున్నంతసేపూ విజిలేశాడు. ముందు వరసలో ఎవరో వెనక్కు తిరిగి, హీరో ఇంకా రాలేదు, రథానికి విజిలేందిరా అన్నారు.

"హీరోకి మీరు ఏసుకోండి నైనా. రథం చేసినోడు ఈడ కూర్చోనుండాడు," అని నా తల మీద చెయ్యి పెట్టి, మళ్ళీ వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు.